సినిమా కొలువునకు పరిచయపత్రము

చలనచిత్రములను గూర్చి స్త్రీల పత్రికలలో వ్రాయబడునది తఱచుగా తారల చీరలను గూర్చియు, నగలను గూర్చియునై యుండును. మేము వానిని విడిచి, ఒక్క కాగితమును గూర్చి వ్రాయదలచితిమి. సినిమాలో పని కోరువారు తమ నేర్పును, అనుభవమును దెలుపుచు పంపుకొను కాగితమది. దానిని జనులు బయోడేటా యందురు, రెజ్యూమె యందురు; మేము పరిచయపత్రమని వ్యవహరింతుము. పెండ్లిసంబంధములకు బయోడేటా వ్రాయుట మన యిండ్లలో నందఱికిని దెలిసిన విద్యయే. కొలువునకు వ్రాయునది దానికంటె వేఱు. అందును సినిమా కొలువునకు వ్రాయునది మఱింత వేఱు. ఈ భేదము తెలియక మన బాలికలు కొందఱు నష్టపడుచున్నారు, కొందఱు మోసపోవుచున్నారు.

మా బోథ్ ఆదిలాబాదు జిల్లాలోని చిన్న యూరు. చుట్టును నల్లరేగడి పత్తిచేలు, వాని కావల అడవి. హైదరాబాదు 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. సినిమావారితో చుట్టరికము గల యిల్లు మేమెఱిగినంతలో ఇచట లేదు. నగరమందలి బాలికకు మేనమామ స్నేహితుడో, ప్రక్కయింటి వారో ఒక మాట చెప్పి తోడ్పడవచ్చును. మా యూరి బాలికకు ముందుగా నడచిపోవునది ఆ కాగితమొక్కటియే. అది ఆమె పక్షమున మాటాడవలెను. ఆమెకు రక్షగను నుండవలెను. ఈ రెండవ మాటనే మేము ముఖ్యముగా పెద్దల కెఱిగింపగోరుచున్నాము.

విరాటుని కొలువు

తిక్కన సోమయాజి విరాటపర్వమును చదివిన సోదరీమణులకు కొలువు కోరు విధమును వేఱుగా బోధింప నక్కఱలేదు. పాండవులైదుగురును, ద్రౌపదియు మత్స్యరాజు నగరమున ఒక్కొక్కరుగా ప్రవేశించి పని యడిగిరి. ఆర్గురును అనేక విద్యలెఱిగినవారే. అయినను ప్రతివారును ఒక్క పనినే ముందుంచిరి. ధర్మరాజు జూదము నెఱిగిన సభాసదుడనని చెప్పుకొనెను. భీముడు వంటశాలను, అర్జునుడు కన్యలకు నాట్యము నేర్పుటను, నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను, ద్రౌపది తలదువ్వి పూలు గట్టి గంధములు కూర్చు పనిని కోరిరి. నాకు అన్నియు వచ్చును, ఏదైన నొసగుడని ఒక్కరును అడుగలేదు.

రెండవ విషయము. వారు పూర్వమెవరియొద్ద పని చేసిరో చెప్పిరి. సైరంధ్రి తాను సత్యభామయొద్దను, పాండవుల దేవియొద్దను మెలగితినని సుధేష్ణకు దెలిపెను. మూడవ విషయము. ఆమె తన నియమములను ముందుగనే చెప్పెను. ఒరుల యెంగిలి ముట్టననియు, ఒరుల పాదములు కడుగననియు చెప్పి, రాణి యంగీకరించిన పిమ్మటనే కొలువున నిలిచెను. వారు దాచినది తామెవరైనదియు మాత్రమే. చూపిన నేర్పు నిజమైనది. మన బాలికలకు అజ్ఞాతవాసము లేదు గనుక పేరును గూడ నిజమైనదే వ్రాయవలెను. ఒక పని, దానికి సాక్ష్యము, కొన్ని నియమములు: మంచి పరిచయపత్రమునకు కావలసినవి ఈ మూడే.

నాడు కాగితము లేదు

పూర్వము సినిమాలోనికి కాగితము పట్టుకొని పోయినవారు అరుదు. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి నాటకములవారి బిడ్డ. 1885లో పుట్టిన సురభి నాటకసమాజములలో పిల్లలు ఉయ్యెలనుండియే రంగస్థలము నెక్కుదురు. ఆమెకు రంగస్థలమే పరిచయపత్రము. ఒకప్పుడు మా పొరుగు జిల్లాయైన కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజు హైదరాబాదున చదివి, 1929 ప్రాంతమున బొంబాయి కేగి, మూకీచిత్రములలో ప్రవేశించెను. పిదప హిందీ చిత్రములలో దీర్ఘకాలము నాయకుడుగ వెలుగొంది, 1980 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. అట్లు మూట గట్టుకొని రైలెక్కి, స్టూడియో వాకిట నిలిచి పని సంపాదించుట పురుషునకు నాడు సాధ్యమయ్యెను. మన కన్యకు అట్టి సాహసము నేడును మేము చెప్పము. చెప్పనక్కఱయు లేదు. నేడు స్టూడియో వాకిటికి ముందుగా ఈమెయిలు పోవును, ఫోనులో ఛాయాచిత్రము పోవును. బాలిక యింటనుండియే తన్ను దా నెఱిగించుకొనవచ్చును. వాకిట నిలుచుటకంటె ఇది గౌరవమైన మార్గము.

ఏ పని?

సినిమా యనగానే నటన యొక్కటియే మన తలంపునకు వచ్చును. అచటివారు తమ వృత్తులను ఇరువదినాలుగు విభాగములుగా చెప్పుకొందురు. తెరపై కనబడు ముఖము ఒకటియైనచో, దాని వెనుక పని చేయు చేతులు నూఱులు. దుస్తులు కూర్చువారు, ముఖాలంకరణము చేయువారు, ఇల్లును వీధిని సృష్టించు కళాదర్శకులు, చిత్రమును కత్తిరించి కూర్చు ఎడిటర్లు, తెఱవెనుక గాత్రమొసగువారు, సంభాషణలు వ్రాయువారు, దర్శకునకు సహాయకులు, దినదిన వ్యయములను వ్రాసియుంచు లెక్కలవారు, వీరందఱును కావలెను.

ఇందులో మన యింటివిద్యలు ఎన్ని గలవో చూడుడు. 1988లో బి. నరసింగరావు తీసిన దాసి చిత్రము తెలంగాణపు గడీలోని యొక దాసి కథ. దానికి జాతీయ పురస్కారములు ఐదు లభించెను. ఉత్తమ తెలుగు చిత్రముగను, నటనకు అర్చనకును, ఛాయాగ్రహణమునకును వచ్చినవి మూడు. మిగిలిన రెండింటిలో ఒకటి దుస్తులకు సుదర్శనునకును, ఒకటి కళాదర్శకత్వమునకు తోట వైకుంఠమునకును లభించెను. ఈ వైకుంఠము కరీంనగరపు పల్లెలో పుట్టి, తన యూరి స్త్రీల ముఖములను, బొట్టును, రంగుచీరలను చిత్రించి ప్రసిద్ధుడైనవాడు. తల్లుల చీరకట్టును చిన్ననాటినుండి శ్రద్ధగా చూచిన కన్నులకు వచ్చిన పురస్కారమని మేము దానిని భావింతుము.

భారతదేశమునకు మొదటి ఆస్కారు తెచ్చినదియు దుస్తులు కూర్చిన స్త్రీయే. కొల్హాపురమున పుట్టిన భాను అథైయా 1982లో వచ్చిన గాంధీ చిత్రమునకు జాన్ మొల్లోతో గలిసి దానిని 1983లో అందుకొనెను. ఆమె మొదట స్త్రీల పత్రికలకు దుస్తుల బొమ్మలు వేయుచుండెడిది. ఆ బొమ్మలనుండి దుస్తుల దుకాణమునకును, అచటనుండి సినిమాకును పిలుపు వచ్చినది.

భాషయు నొక నేర్పే. మా ప్రాంతపు బాలిక యింట తెలుగు, అంగడిలో మరాఠీ, బస్సులో హిందీ మాటాడును. గోండు గూడెముల చెంత పెరిగినచో గోండియు, తండాల చెంత పెరిగినచో లంబాడీయు నర్థమగును. దీనిని విశేషముగా నెంచక విడిచిపెట్టుచున్నారు. 2023లో వేణు యెల్దండి తీసిన బలగము చిత్రము మన పల్లెల పలుకుతో, చావింటి యాచారములతో నడచినది. దాని కడపటి ఘట్టమున వరంగల్లు ప్రాంతపు కథకులగు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకు ఊరూర జనులు కన్నీరు పెట్టిరి. వారు సినిమాకొఱకు నేర్చిన పాట కాదది; వారి కులవిద్య. కనుక, నాకేమియు రాదని చెప్పుకొను బాలిక ముందుగా తనకు నిత్యము వచ్చిన పనిని లెక్కించుకొనవలెను.

నాలుగు పుటలు ఒక పుటయైన విధము

మా వీధిలో ఇరువదిరెండేండ్ల కన్యక యొకతె కలదు. డిగ్రీ చదివి, ఇంట కుట్టుమిషను పెట్టుకొని, జాకెట్లును, పిల్లల గౌనులును కుట్టుచుండును. సినిమాలో దుస్తుల విభాగమున పని చేయవలెనని ఆమె కోరిక. ఆమె తన పరిచయపత్రమును మాకు చూపినది. అది నాలుగు పుటలు. మొదటి పుటలో, కష్టించి పనిచేయుదును, సంస్థ యభివృద్ధికి తోడ్పడుదును, అను వాక్యములు ఫోనునుండి యెత్తివ్రాసినవి. పిదప తండ్రి పేరు, కులము, మతము, వివాహము కాలేదను మాట, పదవతరగతి మార్కులు, ఆధారు సంఖ్య. అభిరుచులు: సినిమాలు చూచుట, పాటలు వినుట. చివర, పై విషయములన్నియు సత్యములని ప్రమాణము. నాలుగు పుటలును వెదకగా, కుట్టుపని యను మాట మూడవపుట కడపటి పంక్తిలో, ఇతరములు అను శీర్షిక క్రింద కనబడెను.

మేము కొన్ని ప్రశ్న లడిగితిమి. ఎన్నేండ్లుగా కుట్టుచున్నావు? ఆరేండ్లుగా. బడి వార్షికోత్సవ నాటకమునకు దుస్తులెవరు కుట్టిరి? తానే; ఇరువదియిద్దఱు పిల్లలకు, పది దినములలో, పాత చీరలనుండి. ఆదిలాబాదు యువకులు లఘుచిత్రము తీసినపుడు దుస్తులెవరు చూచిరి? తానే. ఆ ఐదు దినములలో నేమి చేసితివి? నాయిక యొక దృశ్యమున ఏడు గాజులు వేసికొని, మఱునాడు తీసిన తరువాయి భాగమున ఐదే వేసికొన్నదట. ఈమె చూచి చెప్పి, ఆ నాటినుండి ప్రతి దృశ్యమునకును ఎవరేమి ధరించిరో చిన్నపుస్తకమున వ్రాసి యుంచినదట. ఇదంతయు ఏల వ్రాయలేదని యడుగగా, "అదియు పనియేనా అత్తమ్మా?" యని ఆమె యాశ్చర్యపడినది.

అదియే పని. సినిమా కథాక్రమమున తీయబడదు. కడపటి దృశ్యమును మొదటి దినమున తీయవచ్చును; ఇంటిలోనికి నడచివచ్చుట నేడును, లోపల కూర్చుండుట నెలకు పిమ్మటను తీయవచ్చును. తెరపై మాత్రము రెండును ఒక్క నిమిషమున జరిగినట్లుండవలెను. కొంగు ఏ భుజముపై నున్నది, చెమట మరక యెచట, బొట్టు ఎంత, గాజులెన్ని, ఇవన్నియు తప్పక సరిపోవలెను. దీనినే వారు కంటిన్యుటీ యందురు. పెట్టెలోని పట్టుచీర లెన్ని, ఏ మడతలో ఏది యున్నది చూడకయే చెప్పగల గృహిణికి ఇది కష్టమైన విద్య కాదు. కాని యది తనకు వచ్చునని కాగితమున వ్రాయనిదే ఎవరికి దెలియును?

ఆ నాలుగు పుటలను కొట్టివేసి, మేమిరువురము కూర్చుండి ఒక పుట సిద్ధము చేసితిమి. తక్కిన బాలికలకు ఉపయోగపడునని దాని మచ్చును ఇచట నిచ్చుచున్నాము. పేరునకు బదులు ఫలాని యని యుంచితిమి.

ఫలాని
దుస్తుల విభాగము: సహాయకురాలు
ఊరు: బోథ్, ఆదిలాబాదు జిల్లా. చిత్రీకరణ దినములలో హైదరాబాదునను, ఇతర స్థలములలోను ఉండగలను.
ఫోను సంఖ్య, ఈమెయిలు.

చేసిన పనులు:
2024, లఘుచిత్రము, 18 నిమిషములు, ఆదిలాబాదు. ఐదు దినముల చిత్రీకరణ. ఆరు పాత్రలకు దుస్తులు సేకరించి, సరిచేసి, దృశ్యవారీగా పట్టిక వ్రాసి యుంచితిని.
2023, పాఠశాల నాటకము. 22 మంది పిల్లలకు పాత చీరలతో పది దినములలో పౌరాణిక వేషములు కుట్టితిని.
ఆరేండ్లుగా ఇంటియొద్ద కుట్టుపని.

నేర్పు: కొలతలు తీయుట, కత్తిరించుట, మిషను కుట్టు, చేతి కుట్టు, మగ్గము పని, చిత్రీకరణ జరుగుచుండగనే చినుగును కుట్టుట, బట్టకు రంగువేసి పాతబఱచుట.
భాషలు: తెలుగు, హిందీ, మరాఠీ మాటాడుదును, చదువుదును. గోండి అర్థమగును.
చూపదగినవి: చేసిన దుస్తుల ఛాయాచిత్రములు 12, లఘుచిత్రపు లింకు.
నా పని నెఱిగినవారు: లఘుచిత్ర దర్శకుడు, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. కోరినచో వారి ఫోను సంఖ్యలు పంపుదును.

ఇంతియే. ఇందు పొగడ్త లేదు. నేను సమర్థురాలనని ఎచటను వ్రాయలేదు. అయినను చదివినవారికి ఆ మాట తోచును. ప్రతి పంక్తియందును ఒక సంఖ్య గాని, ఒక వస్తువు గాని కలదు. పుట చూచువాడు దినమునకు అనేక కాగితములు చూచును. అతనికి తీరిక తక్కువ. ఏ పని కోరుచున్నదో మొదటి పంక్తిలోను, అది వచ్చునో రాదో తరువాతి పంక్తులలోను తెలిసిపోవలెను. అబద్ధమును మాత్రము చేర్పరాదు. చేయని చిత్రమును చేసితినని వ్రాసినచో, ఆ విభాగమువారందఱును ఒకరినొకరెఱుగుదురు గనుక, అది ఒక్క ఫోనుతో బయటపడును.

ఈమెయిలుతో పంపునపుడు పైన నాలుగు వాక్యముల లేఖ చాలును. అది ఆ విభాగాధిపతి పేరున నుండవలెను. అతడు చేసిన పనిలో తాను గమనించినదొకటి చెప్పవలెను. తానే తేదీనుండి రాగలదో తెలుపవలెను. చిత్రము ముగియగా తెరపై సాగు పేర్లలో దుస్తుల రూపకర్త యెవరో కనబడును. ఆ పేర్లను చదువక లేచిపోవు అలవాటును మాని, ఒక పుస్తకమున వ్రాసికొన్నచో, ఎవరికి వ్రాయవలెనో తెలియును.

విభాగములనుబట్టి భేదములు

నటన కోరువారు ఎత్తు, మాటాడు భాషలు, ఏ వయస్సు పాత్రలకు సరిపోవుదురో వ్రాయవలెను. ముఖము స్పష్టముగా కనబడు ఛాయాచిత్రమొకటి, నిలువెత్తుదొకటి చాలును. అవి ఇటీవలివై, అలంకరణము తక్కువగా నుండవలెను. తెల్లదనము నిచ్చు ఫోను మాయలు పనికిరావు. పిలిచినవారు చూచునపుడు ఛాయాచిత్రమును, మనిషియు ఒక్కరుగా నుండవలెను గదా. నటించిన తునుకలను కూర్చిన చిన్న వీడియో ఒకటి రెండు నిమిషములు మించరాదు.

గాత్రదానము కోరువారు నిమిషము నిడివిగల ధ్వనిని పంపవలెను. అందు కోపము, దుఃఖము, పరిహాసము, శిశువు పలుకు వేఱువేఱుగా వినబడవలెను. ఎడిటింగు కోరువారు తమకు తెలిసిన సాఫ్టువేరు పేర్లను, ప్రీమియర్ ప్రో, అవిడ్, డావిన్సీ రిసాల్వ్ వంటివానిని వ్రాసి, చేసిన పనికి లింకు నొసగవలెను. లెక్కలు చూడగల వాణిజ్యశాస్త్ర పట్టభద్రురాండ్రు, ట్యాలీ వచ్చునని వ్రాయుటతో బాటు, దినవ్యయమును సాయంకాలమునకే రసీదులతో సరిచూపగలమని వ్రాయవలెను.

కథ వ్రాయు సోదరీమణులు మొత్తము కథను అపరిచితునకు పంపరాదు. ముందు పది పంక్తుల సారాంశము పంపవలెను. వ్రాసిన రచనపై హక్కు 1957 కాపీరైటు చట్టముచేత వ్రాసినవారిదే. అయినను అది ఏ నాడు వ్రాయబడినదో నిరూపించుకొనుట మేలు గనుక, కాపీరైటు కార్యాలయమున గాని, సభ్యత్వము గలవారు రచయితల సంఘమున గాని నమోదు చేయించుకొని, పిదప చూపవలెను.

వ్రాయరానివి, ఈయరానివి

ఆధారు సంఖ్య, బ్యాంకు వివరములు, ఇంటి పూర్తి చిరునామా, కులము, వివాహవిషయము, ఇవి పరిచయపత్రమున నుండరాదు. పని కుదిరి, ఒప్పందము వ్రాసికొన్న పిమ్మట వేతనము చెల్లించుటకు కావలసినవి మాత్రమే ఇయ్యవలెను. శరీరపు కొలతలు దుస్తులు కుట్టువారికి కావలసివచ్చును. అదియును పాత్ర కుదిరిన పిదప.

పని నిచ్చువాడు జీత మిచ్చును. పని కోరువారియొద్ద రూకలు పుచ్చుకొనడు. ఈ యొక్క సూత్రము తెలిసినచో సగము మోసములు తప్పిపోవును. మేము పైన జెప్పిన కన్యకకే, ఫోనులో పరిచయమైన యొకడు వేషమిప్పింతునని చెప్పి, ఛాయాచిత్రముల పుస్తకమునకని 15,000 రూపాయ లడిగెను. తల్లి తన కమ్మలు కుదువబెట్టుటకు సిద్ధపడెను. కోరునది కుట్టుపని యైనపుడు ఛాయాచిత్రముల పుస్తకమెందులకని తండ్రి యడిగిన ప్రశ్నకు వాడు సమాధానము చెప్పలేక, ఫోను పెట్టివేసెను. చూడుడు: ఏ పని కోరుచున్నామో స్పష్టముగా నున్నచో మోసగానికి చోటు దొరకదు. ఏదైన నొక యవకాశము కావలెనని తిరుగువారినే వాడు పట్టుకొనును.

రాత్రివేళ హోటలు గదికి రమ్మనుట, ఒంటరిగా రమ్మనుట, ఏకాంతపు ఛాయాచిత్రము లడుగుట, వెంటనే నిర్ణయింపకున్న అవకాశము పోవునని తొందరపెట్టుట, ఇవన్నియు వెనుదిరుగుటకు తగిన గుఱుతులు. నిజమైన సంస్థకు కార్యాలయముండును, పగటివేళ యుండును, తల్లి వెంటవచ్చినను అభ్యంతరముండదు.

సైరంధ్రి నియమములు

విరాటుని కొలువున ద్రౌపది నియమములు చెప్పి చేరినను, కీచకుని బాధ తప్పలేదు. ఆమె నిండుసభకు వచ్చి మొఱపెట్టగా రాజు ఊరకుండెను. పనిచేయుచోట స్త్రీకి కలుగు అవమానము నేటిది కాదనియు, అది వినవలసినవారు వినకుండుటయు నేటిది కాదనియు ఆ పర్వము చెప్పుచున్నది. నాటికిని నేటికిని భేదమేమనగా, నేడు చట్టము కలదు.

2013లో చేయబడిన చట్టము ప్రకారము, పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతిచోటను ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘముండవలెను. దానికి స్త్రీ అధ్యక్షురాలు. సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలే. దినకూలికి వచ్చినవారును, పని నేర్చుకొనుటకు వచ్చినవారును ఆ రక్షణకు పాత్రులు. మూడునెలలలోగా వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. అట్టి సంఘము లేనిచోట గాని, యజమానిపైననే ఫిర్యాదైనచో గాని జిల్లా స్థానిక సంఘమున చెప్పుకొనవచ్చును. కేరళ ప్రభుత్వము 2017లో జస్టిస్ హేమ యధ్యక్షతన నియమించిన సంఘము అచటి సినిమా స్త్రీల కష్టములను విచారించి 2019లో నివేదిక సమర్పించెను. అందు మన తెనాలిలో పుట్టిన నటి శారద సభ్యురాలు. ఆ నివేదిక 2024 ఆగస్టువఱకు వెలుగు చూడలేదు. తెలంగాణ ప్రభుత్వమును 2019లో ఇట్టి విషయమై యొక సంఘమును నియమించెను. చట్టమున్నంతమాత్రమున కీచకులు లేరని మేము చెప్పము. మొఱ వినవలసినవారి పేరు చట్టములో వ్రాసియున్నదని మాత్రము చెప్పుచున్నాము.

సైరంధ్రి చేసిన పనికే సంబంధించిన మఱియొక విషయమును చెప్పవలెను. ముంబయి సినిమాలో స్త్రీలు తల దువ్వవచ్చునే గాని ముఖాలంకరణము చేయరాదని, అది పురుషుల పనియని, ఆ వృత్తిసంఘము నియమము పెట్టుకొని చాలకాలము నడపెను. చారు ఖురానా యను స్త్రీ అమెరికాలో ఆ విద్య నేర్చివచ్చినను ఆమెకు సభ్యత్వము నిరాకరింపబడెను. ఆమె న్యాయస్థానముల కేగెను. 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నియమము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. నేడు ముఖాలంకరణ విభాగమని తన పేరుక్రింద వ్రాసికొను ప్రతి బాలికయు ఆమెకు ఋణపడియున్నది.

కనుక పని కుదిరినపుడు ఈ మాటలను ముందుగా వ్రాతలో పెట్టించుకొనవలెను: ఎవరిక్రింద పని, ఎన్ని దినములు, దినమునకు జీతమెంత, ఎపుడు చెల్లింతురు, బస యెచట, ఎవరితో, రాత్రి ఆలస్యమైనచో వాహన మెవరు పంపుదురు, తెరపై పేరు వేయుదురా లేదా. ఒప్పందపత్రము లేనిచో, ఫోనులో మాటాడిన దానినే సందేశముగా వ్రాసి, ఇట్లు నిశ్చయించుకొంటిమి గదా యని పంపి, ఔనను జవాబును భద్రపఱచుకొనవలెను. ఇది అవిశ్వాసము కాదు. మన ఇండ్లలో పాలవాని లెక్కకును గోడపై గీతలు పెట్టుకొనుట లేదా?

పెద్దలకు రెండు మాటలు

"అక్కా, మా పిల్లను ఆ లోకమునకు పంపవచ్చునా?" యని ఆ కన్యక తల్లి మమ్మడిగినది. మంచిచెడ్డలు లేని చోటేదియు లేదు గనుక పంపుమనియు, వలదనియు మేము చెప్పలేదు. ఆ ఒక్క పుటను ఆమె చేతికిచ్చి చదువుమంటిమి. ఆమె చదివి, "ఇవన్నియు మా పిల్ల చేసినదేనా?" యనెను. కూతురు సినిమా పిచ్చిలో నున్నదని యింతవఱకు తలంచిన తల్లికి, ఆమె పనిగత్తెయని ఆ కాగితము మొదటిసారి తెలిపినది. పరిచయపత్రము ముందుగా ఇంటివారికి పరిచయము చేయునని మేమప్పుడు గ్రహించితిమి.

ఆ పుట ఎనిమిది చోట్లకు పోయెను. ఏడు చోట్లనుండి సమాధానము లేదు. ఒకచోటినుండి పిలుపు వచ్చెను: చిన్న చిత్రము, పండ్రెండు దినముల పని, జీతము స్వల్పము. తల్లి రెండు దినములు వెంట నుండి, బస చూచి, పైవారితో మాటాడి తిరిగివచ్చెను. ఆ పండ్రెండు దినములు ఇపుడు ఆమె పత్రములో మొదటి పంక్తి యైనవి. నాటకపు దుస్తులు క్రిందికి దిగినవి. ఇట్లు ప్రతి పని ముగియగానే పత్రమును సరిచేయుచుండవలెను.

చిన్నబిడ్డలను నటింపజేయగోరు తల్లులకును ఒక మాట. పదునాలుగేండ్లలోపు బిడ్డను సినిమాలో పెట్టుకొనుటకు నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేకుండ మూడు గంటలు దాటరాదు. బిడ్డ సంపాదనలో ఐదవ వంతునకు తక్కువ కాకుండ ఆ బిడ్డ పేరనే బ్యాంకులో నిలువ చేయవలెను. ఈ మాటలు తెలిసిన తల్లిని చూచి ఎవరును తేలికగా మాటాడరు.

సోదరీమణులారా, మీ యింట సినిమా పేరెత్తు బాలిక యున్నచో, కోపపడుటకు ముందు ఒక కాగితమును, కలమును ఆమె చేతికిండు. నీకేమి వచ్చునో ఒక్క పుటలో వ్రాయుమనుడు. వ్రాయుటకేమియు లేకున్నచో, ఆమె నేర్చుకొనవలసినదేమో ఆమెకే తెలియును. ఆ సంవత్సరము నేర్చుకొనుటలో గడచును. వ్రాయుటకున్నచో, ఆమె వేడుకొనుటకు గాక, పని చేయుటకు పోవుచున్నదని మీకు దెలియును. వేడుకొనువారికి నియమములుండవు. పని తెలిసినవారికి ఉండును.